లెన్సు మనది, తాళం వాళ్లదా?

కెమెరా కొంటున్నాం అనుకుంటాం గానీ, నిజానికి ఒక కంపెనీకి ఇరవై ఏళ్లపాటు కట్టుబడుతున్నాం. బాడీ నాలుగైదేళ్లకు పాతబడుతుంది. వచ్చినకాడికి అమ్మేసి ఇంకొకటి తెచ్చుకుంటాం. లెన్సు అలా కాదు. తేమ తగలకుండా, కింద పడకుండా చూసుకుంటే తండ్రి కొన్నది కొడుకు చేతికి వస్తుంది. స్టూడియో నడిపే ఏ ఫొటోగ్రాఫర్ బ్యాగు తెరిచినా అతని కష్టార్జితంలో పెద్ద వాటా ఆ గాజు మీదే కనిపిస్తుంది. ఆ గాజు ఏ బాడీకి తగలాలో, ఏ బాడీకి తగలకూడదో, ఎన్నాళ్లు పనిచెయ్యాలో తేల్చే హక్కు మాత్రం డబ్బు పెట్టినవాడికి లేదు. అది అమ్మినవాడు తన దగ్గరే అట్టిపెట్టుకున్నాడు. దీన్ని నేను దోపిడీ అంటాను. ఆ మాట మీదే నిలబడతాను.

కొట్టు కౌంటరు దగ్గర ఈ సంగతి ఎవరూ ఎత్తరు. ఎన్ని మెగాపిక్సెళ్లు, ఫోర్‌కే ఉందా లేదా, బ్యాగు ఉచితమా, మెమరీ కార్డు ఎంత జీబీ, ఈఎంఐ ఎన్ని నెలలు — మాటలన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి. వీడియోల్లో లెన్సుల గురించి చెప్పేవాళ్లయితే ఫొటో మూలను నాలుగు రెట్లు పెద్దది చేసి ఆకు అంచు ఎంత పదునుగా ఉందో పావుగంట చూపిస్తారు. ఈ లెన్సు రేపు ఇంకో కంపెనీ బాడీ మీద పనిచేస్తుందా, మోటారు చెడితే విడిభాగం దొరుకుతుందా అని ఒక్కరూ అడగరు. లక్ష రూపాయల వస్తువు కొనేవాడికి చెప్పాల్సిన మొదటి రెండు ముక్కలు అవే. వాటిని దాచిపెట్టి మూలల పదును గురించి మాట్లాడటం కొనేవాడికి ద్రోహం చెయ్యడమే.

లెన్సు మీద ఇంత పట్టింపు ఎందుకని అడిగేవాళ్లను ఒక పెళ్లి మండపం మీదికి తీసుకెళ్తాను. తెల్లవారుజాము ముహూర్తం. అడ్డుతెర ఇంకా దించలేదు. పురోహితుడు మంత్రం చదువుతూ గట్టిమేళానికి చెయ్యెత్తి సైగ చేస్తాడు. వధూవరులు ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెడతారు. తెర దిగుతుంది. ఇద్దరి చూపులూ కలుస్తాయి. ఆ చూపు రెండు సెకన్లు కూడా నిలవదు. చుట్టూ మేనమామలు, పెద్దమ్మలు, వీడియో అతను, ఫోన్లు పైకెత్తిన పిల్లలు. ఫొటోగ్రాఫర్‌కు ఒక మూల అడుగున్నర చోటు దొరుకుతుంది. అక్కడ నిలబడి 85 ఎంఎం లెన్సుతో, అపెర్చర్ ఎఫ్ 1.8లో తీస్తే పెళ్లికూతురి కళ్లు వెలుగుతాయి, ముందుకు చాచిన చేతి గాజులు మసకబారిపోతాయి. గాజులు కూడా కావాలంటే ఎఫ్ 2.8కో, ఇంకా పైకో వెళ్లాలి. అప్పుడు వెలుతురు చాలదు. 24 పెట్టుకుని దగ్గరికి జరిగితే మండపమంతా వస్తుంది కానీ, ఫ్రేము అంచున నిలబడ్డ అత్తగారి ముఖం పక్కకు సాగిపోతుంది. ఆల్బమ్ తెరిచినప్పుడల్లా ఆమె ఆ ముఖాన్ని చూసుకోవాలి.

తలంబ్రాల వేళ 35 కావాలి. దోసిలిలోంచి లేచిన బియ్యమూ ముత్యాలూ, పక్కన పోటీపడి ఎగదోస్తున్న అక్కచెల్లెళ్లూ ఒకే ఫ్రేములో పడాలి. అప్పగింతలప్పుడు దూరంగా జరిగి 70-200 తీసుకోవాలి. కూతురి చెయ్యి వదల్లేక ఏడుస్తున్న తండ్రి ముఖం మీదికి కెమెరా తోసేవాడు ఫొటోగ్రాఫర్ కాడు. ఎంత దూరంలో నిలబడాలి, ఎవరిని కలుపుకోవాలి, ఎవరిని వదలాలి — లెన్సు ఎంపిక అంటే ఈ నిర్ణయాలే. వీటిని ఫొటోగ్రాఫర్ తన కన్నుతో, తన జేబుతో తేల్చుకోవాలి. టోక్యోలో కూర్చున్న మార్కెటింగు విభాగం తేల్చకూడదు. తేలుస్తోంది గనకే ఈ వ్యాసం.

లెన్సు వెనక ఒక లోహపు వలయం ఉంటుంది. బాడీ ముందు దానికి జోడు వలయం. రెండింటినీ కలిపి తిప్పితే టక్కున పడుతుంది. లోపలి అంచున బంగారు రంగు కాంటాక్టులు ఒక వరస. దీన్ని మౌంటు అంటాం. ఒకప్పుడు ఇది ఎవరి సొత్తూ కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా హైదరాబాదులో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ కాలం గుర్తుచేసుకోండి. అప్పటి చెక్క కెమెరాలకు ముందు ఒక పలక బిగించేవారు. ఆ పలకకు లెన్సుకు సరిపడా రంధ్రం చేయించుకుంటే చాలు, ఏ దేశపు లెన్సైనా ఏ వడ్రంగి చేసిన కెమెరాకైనా అమరేది. 1949లో జర్మనీ నుంచి కాంటాక్స్ ఎస్ కెమెరా 42 మిల్లీమీటర్ల మరతో వచ్చింది. అదే మరను ప్రాక్టికా వాడింది, పెంటాక్స్ వాడింది, సోవియట్ జెనిట్ వాడింది, యాషికా, ఫ్యూజికా వాడాయి. జపాను బాడీకి రష్యా లెన్సు బిగించుకుని తిరిగిన మనుషులు ప్రపంచమంతటా ఉన్నారు. దానివల్ల ఏ కంపెనీ కొంపా మునగలేదు. మన ఇంట్లో బల్బు హోల్డరు ఎవరు చేసినదైనా అందులో ఏ కంపెనీ బల్బైనా పడుతుంది. హోల్డరు చేసినవాడు నా బల్బే పెట్టాలని శాసిస్తే ఒక్కరోజు ఊరుకుంటామా? కెమెరా విషయంలో తరాల తరబడి ఊరుకున్నాం.

కొత్త మౌంట్లు అక్కర్లేకుండా పుట్టాయని నేను అనడం లేదు. నికాన్ ఎఫ్ మౌంటు 1959 నాటిది. దాని నోరు 44 మిల్లీమీటర్లు. లెన్సు కూర్చునే చోటి నుంచి ఫిల్ముదాకా 46.5 మిల్లీమీటర్ల దూరం, ఎందుకంటే మధ్యలో అద్దం పైకి లేచి కిందికి పడాలి. అద్దం లేని మిర్రర్‌లెస్ బాడీలు వచ్చాక ఆ ఖాళీతో పనిలేదు. 2018లో వచ్చిన నికాన్ జెడ్ మౌంటుకు నోరు 55, దూరం 16. అదే ఏడాది వచ్చిన కానన్ ఆర్‌ఎఫ్‌కు నోరు 54, దూరం 20. వెనక గాజు పెద్దదై సెన్సరుకు దగ్గరగా జరిగేసరికి, వైడ్ లెన్సుల్లో మూలలు చీకటి పడటం, మసకబారడం చాలా తగ్గింది. ఆ లెక్కలు కట్టిన ఇంజినీర్లకు చేతులెత్తి మొక్కుతాను. నా కోపం వాళ్ల మీద కాదు.

నా కోపం ఆ బంగారు కాంటాక్టుల మీద నడిచే రహస్యం మీద. ఇవాళ లెన్సు ఒట్టి గాజుగొట్టం కాదు. ఫోకస్ ఎంత తిప్పాలి, అపెర్చర్ ఎంత మూయాలి, చెయ్యి వణికితే ఏ గాజును ఎటు జరపాలి అని బాడీ ఆజ్ఞలిస్తుంది, లెన్సు బదులిస్తుంది. ఆ సంభాషణ ఏ పద్ధతిలో జరుగుతుందో కంపెనీ బయటపెట్టదు. బయటి తయారీదారు ఏళ్లతరబడి శోధించి ఆ గుట్టు విప్పుకోవాలి. విప్పాక కూడా ఒక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వచ్చి ఆ లెన్సును మొద్దుబార్చవచ్చు. కొనుక్కున్నవాడు మాత్రం ఎవరిని అడగాలో తెలియక రెండు కంపెనీల మధ్య తిరుగుతాడు.

2022లో ఏం జరిగిందో చూడండి. విల్ట్రాక్స్ అనే చైనా కంపెనీ ఆర్‌ఎఫ్ మౌంటుకు చవక ధరలో ఆటోఫోకస్ లెన్సులు చేస్తుండేది. వాటిని ఆపేయమని కానన్ తమకు చెప్పిందని ఆ కంపెనీయే బయటపెట్టింది. లెన్సులు మార్కెట్లోంచి మాయమయ్యాయి. పేటెంట్ల ఉల్లంఘన అని కానన్ తన చర్యను సమర్థించుకుంది. మళ్లీ 2024లో తలుపు ఓరగా తీసి బయటి లెన్సు కంపెనీలైన సిగ్మాకు, టామ్రాన్‌కు లైసెన్సులిచ్చింది. ఏ లెన్సులకు? చిన్న సెన్సరు బాడీలకు సరిపోయే ఏపీఎస్-సి లెన్సులకు. పెళ్లిళ్లు, సినిమాలు, పత్రికలు నడిచే ఫుల్‌ఫ్రేమ్ లెన్సులు ఆ ప్రకటనల్లో లేవు. ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లు ఉన్న గదికే గట్టి తాళం. ఇందులో ఇంజినీరింగు ఎక్కడుంది? ఉన్నది లెక్కల పుస్తకం ఒక్కటే.

ఇంకో దారి లేకపోతే నోరు మూసుకునేవాడిని. ఉంది. సోనీ 2010లో ఇ మౌంటు తెచ్చి, 2011లో దాని ప్రాథమిక వివరాలను ఒప్పందం చేసుకున్న తయారీదారులకు రుసుము లేకుండా ఇచ్చింది. 2018లో టామ్రాన్ ఆ మౌంటుకు 28-75 ఎఫ్ 2.8 లెన్సు తెచ్చేసరికి, సోనీ సొంత 24-70తో పోలిస్తే చాలా తక్కువ ధరకే ఆ పని జరిగే మార్గం పెళ్లి ఫొటోగ్రాఫర్లకు దొరికింది. చిన్న పట్నాల స్టూడియోలు ఒకదాని వెనక ఒకటి అటు మారడానికి ఇది పెద్ద కారణం. సోనీ దివాలా తీసిందా? దాని బాడీలు మరింత అమ్ముడయ్యాయి. అలాగని సోనీని నెత్తిన పెట్టుకోను. వేగంగా తీసే తన ఖరీదైన బాడీల మీద బయటి లెన్సులను సెకనుకు 15 ఫ్రేముల దగ్గరే కట్టేసింది. అదీ తాళమే, కాస్త చిన్నది. లైకా, పానసోనిక్, సిగ్మా 2018లో ఎల్ మౌంటు కోసం చేతులు కలిపాయి. ఒలింపస్, పానసోనిక్ 2008లోనే మైక్రో ఫోర్ థర్డ్స్‌ను పంచుకున్నాయి. పోటీదారులు ఒకే వలయాన్ని వాడుకోవచ్చని ఇన్ని రుజువులున్నాక, కుదరదని చెప్పేవాళ్ల మాట నమ్మను.

ఇక చచ్చిపోయిన మౌంట్ల సంగతి. కానన్ 1971లో తెచ్చిన ఎఫ్‌డీ మౌంటును 1987లో పక్కన పడేసి ఈఎఫ్ తెచ్చింది. అప్పటిదాకా కూడబెట్టుకున్న లెన్సులు కొత్త బాడీలకు తగలకుండా పోయాయి. 2012లో ఈఎఫ్-ఎం అని ఇంకో మౌంటు తెచ్చింది. ఆ వరసలో 2018 నాటి ఎం50ని తెలుగు యూట్యూబర్లు ఎంతమంది కొన్నారో కెమెరా కొట్లవాళ్లను అడగండి. 2023 కల్లా ఆ వరస మొత్తం ముగిసింది. ఆ లెన్సులు కానన్ కొత్త ఆర్‌ఎఫ్ బాడీలకు తగలవు, ఈఎఫ్ బాడీలకూ తగలవు. ఈఎఫ్-ఎంలో సెన్సరుదాకా దూరం 18 మిల్లీమీటర్లు, ఆర్‌ఎఫ్‌లో 20. ఆ రెండు మిల్లీమీటర్ల తేడాతో అడాప్టర్‌కు కూడా చోటు లేకుండా పోయింది. రెండు మౌంట్లూ ఒకే కంపెనీవి. తన మొదటి మౌంటును నమ్మి కొన్నవాళ్లకు దారి మిగల్చాలన్న ఆలోచన ఉంటే రెండోదాన్ని గీసేటప్పుడే మిగల్చి ఉండేది. నికాన్ 1 వరస 2011లో పుట్టి 2018లో పోయింది. శామ్‌సంగ్ ఎన్ఎక్స్ ఆరేడేళ్లు కూడా నిలవలేదు. ఆ లెన్సులు ఇవాళ బీరువాల్లో ఉన్నాయి. గాజు పగలలేదు, మోటారు చెడలేదు. బిగించడానికి కొత్త బాడీ లేదు, అంతే.

నికాన్‌కు ఒక మెప్పు ఇవ్వాలి. 1959 నాటి వలయాన్ని దాదాపు ఆరు దశాబ్దాలు కాపాడింది. కానీ అదే నికాన్ 2006లో డీ40తో మొదలుపెట్టి చవక బాడీల్లోంచి ఫోకస్ మోటారు తీసేసింది. పాత ఏఎఫ్ లెన్సులకు సొంత మోటారు ఉండదు. బాడీలో మోటారు తిరిగితేనే వాటి ఫోకస్ తిరుగుతుంది. మన దగ్గర డీ3000, డీ5000 వరసలు ఊరూరా అమ్ముడయ్యాయి. వాటితోపాటు చవకగా దొరికిన 50 ఎంఎం ఎఫ్ 1.8 డీ లెన్సు కొనుక్కున్న కుర్రవాడు ఇంటికొచ్చి బటన్ నొక్కుతాడు. ఫోకస్ కదలదు. లెన్సు చెడిపోయిందనుకుని కొట్టుకు పరుగెత్తుతాడు. అది చెడిపోలేదు బాబూ, నీ బాడీలో మోటారు పెట్టలేదని అప్పుడు చెబుతారు. ముందే చెప్పడానికి ఏమైంది? 2018లో జెడ్ బాడీలకు పాత లెన్సులు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ వచ్చింది. అందులోనూ మోటారు లేదు. 2021లో రెండో అడాప్టర్ వచ్చింది. అందులోనూ లేదు. కోట్ల లెన్సులు లోకంలో ఉన్నాయని తెలిసిన కంపెనీకి ఒక చిన్న మోటారు బరువైందా?

తాళం వేసిన గదిలో సరుకు నాణ్యత ఎలా పడిపోతుందో బాడీతోపాటు ఇచ్చే కిట్ లెన్సే చెబుతుంది. చాలా ఏళ్లు కానన్ 18-55 కిట్ లెన్సు ఎఫ్ 3.5-5.6గా ఉండేది. తర్వాత ఎఫ్ 4-5.6 అయింది. ఆర్‌ఎఫ్ బాడీలతో ఇచ్చే 18-45 ఇప్పుడు ఎఫ్ 4.5-6.3. జూమ్ తగ్గింది, వెలుతురు తగ్గింది. ఎఫ్ 6.3 అంటే ఎఫ్ 2.8తో పోలిస్తే ఐదో వంతు వెలుతురు. ఎఫ్ 2.8తో ఐఎస్ఓ 1600లో వచ్చే ఫొటోకు అదే షట్టర్ వేగంతో ఐఎస్ఓ 8000 కావాలి. రాత్రి రిసెప్షన్‌లో, జాతరలో, బతుకమ్మ ఆడే వీధిలో ఆ తేడా ఏమిటో తీసినవాడికి తెలుసు. కొత్త సెన్సర్లు తట్టుకుంటాయని సమాధానం చెబుతారు. సెన్సరులో వచ్చిన మెరుగు నాకు దక్కాలి. చిన్న గాజు పెట్టి కంపెనీ ఆదా చేసుకోవడానికి కాదు.

అంతకన్నా నన్ను మండించేది లెన్సు హుడ్. పక్కనుంచి వచ్చే ఎండ గాజు మీద పడకుండా అడ్డుకునే ఆ ప్లాస్టిక్ గొట్టాన్ని కానన్ తన ఎల్ వరస ఖరీదైన లెన్సులకే పెట్టెలో ఇస్తుంది. తక్కినవాళ్లు విడిగా కొనుక్కోవాలి. సిగ్మా, టామ్రాన్ ఇస్తున్నాయి కదా! రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఎండకింద తీసేవాడికి హుడ్ అలంకారం కాదు. అది లేకపోతే ఫొటో మొత్తం పాలిపోతుంది. లెన్సు కింద పడితే మొదటి దెబ్బ తీసుకునేది కూడా అదే. వేలకు వేలు పోసిన మనిషికి ఆ ముక్క ప్లాస్టిక్ ఇవ్వడానికి చెయ్యి రాని కంపెనీ నా గౌరవం అడగకూడదు.

కొన్నాక బతికించుకోవడం ఇంకో యుద్ధం. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం వైపు లెన్సు పెట్టుకున్నవాళ్లకు ఫంగస్ గురించి నేను చెప్పక్కర్లేదు. వానాకాలం నాలుగు నెలలు బ్యాగులో మూసిపెడితే గాజు లోపల సన్నటి దారాల్లా అల్లుకుంటుంది. మొదట్లోనే తీయిస్తే పోతుంది. ముదిరితే దాన్నుంచి ఊరే ఆమ్లం పైపూతను తినేస్తుంది, ఇక ఆ మచ్చ పోదు. గాలి చొరని డబ్బా, సిలికా జెల్, కాస్త నమ్మదగిన తేమ మీటరు ఒకటి, నలభై యాభై శాతం మధ్య తేమ — ఇవి చాలు. తోలు కేసుల్లో దాచకండి, తోలే తేమను పట్టి ఉంచుతుంది. అన్నిటికన్నా మంచి మందు లెన్సును తరచుగా బయటికి తీసి వాడటం.

ఆ ఫంగస్ పట్టిన లెన్సును బాగుచేసే మనిషి బల్ల ముందు ఒకసారి కూర్చోండి. 1977 నాటి నికాన్ ఏఐ లెన్సు ఒకటి అతని చేతికి వచ్చిందనుకోండి. ముందు వలయానికి రబ్బరు ముక్క నొక్కి తిప్పుతాడు, పేరున్న రింగు ఊడివస్తుంది. రెండు మొనల స్పానర్‌తో గాజు దిమ్మెను వదులు చేస్తాడు. జపాను స్క్రూల తలకు సరిపడే డ్రైవరు వేరే ఉంటుంది, మామూలు స్టార్ డ్రైవరు పెడితే తల అరిగిపోతుందని దాన్ని విడిగా గుడ్డలో చుట్టి పెట్టుకుంటాడు. గాజులన్నీ వరసలో బోర్లించి, ఏది ఎటు తిరిగి ఉందో పెన్సిల్‌తో గీసుకుంటాడు. అపెర్చర్ రేకులకు పట్టిన నూనె తుడుస్తాడు. ఫోకస్ మరలోని ఎండిపోయిన గ్రీజు తీసి కొత్తది రాస్తాడు. మూసి తిప్పితే రింగు వెన్నలా కదులుతుంది. ఆ లెన్సు ఇంకో తరం పనిచేస్తుంది. దాన్ని అడాప్టర్‌తో ఇవాళ్టి ఏ మిర్రర్‌లెస్ బాడీకి తగిలించినా, చేత్తో ఫోకస్ చేసుకుంటే, ఫొటో వస్తుంది.

అదే మనిషి ముందు కొత్త మిర్రర్‌లెస్ లెన్సు పెట్టండి. చాలా వాటిలో ఫోకస్ రింగుకూ గాజుకూ మధ్య ఏ పళ్లూ ఉండవు. రింగు తిప్పితే లోపలి సెన్సరు కనిపెట్టి మోటారుకు చెబుతుంది. కరెంటు అందకపోతే రింగు ఎంత తిప్పినా ఏమీ జరగదు. మోటారు చెడిందా, చేత్తో ఫోకస్ చేసుకునే దారి కూడా మూసుకుపోతుంది. లోపల కాగితంలా పల్చటి రిబ్బను తీగలు. వాటిని మార్చినా లెన్సును మళ్లీ సరిదిద్దే సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వీసు సెంటర్ల దగ్గరే ఉంటుంది. నా లెన్సొకటి ఇలాగే ఆగిపోతే ఒక సర్వీసు సెంటర్ వాళ్లు చిన్న భాగం విడిగా రాదన్నారు, మొత్తం దిమ్మె మార్చాలన్నారు. చెప్పిన ఖర్చు వింటే ఇంకొంచెం వేసుకుని కొత్తది కొనుక్కోమన్నట్టే ఉంది. బయట మెకానిక్ దగ్గర చేతిలో పనితనం ఉంది, భాగం లేదు. సర్వీసు సెంటర్‌లో భాగం ఉంది, ఇవ్వాలన్న మనసు లేదు. మధ్యలో ముహూర్తాలు ఆగవు కదా! ఇంకొకరి లెన్సు రోజు అద్దెకు తెచ్చుకుని ఆ సీజను నడపాల్సి వచ్చింది.

కంపెనీల తరఫున ఒక వాదన వినిపిస్తుంది. ఫోన్లు వచ్చి కెమెరా వ్యాపారాన్ని ఊడ్చేశాయి, మిగిలిన కాస్తలో పరిశోధన ఖర్చు రాబట్టుకోవాలి, అందుకే మౌంటుకు కాపలా అంటారు. వ్యాపారం కుంగిన మాట నిజం. జపాను కెమెరా కంపెనీల సంఘం లెక్కల ప్రకారం 2010లో లోకమంతటా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు పంపితే, 2023లో 80 లక్షలకు లోపే. సరదాగా కొన్నవాళ్లంతా ఫోన్లకు వెళ్లిపోయారు. మరి ఉండిపోయినవాళ్లు ఎవరు? పెళ్లిళ్లు తీసేవాళ్లు, పత్రికలకు పనిచేసేవాళ్లు, పక్షుల వెంట కొల్లేరు గట్ల మీద నడిచేవాళ్లు, ఈఎంఐ కడుతూ మొదటి సినిమా తీస్తున్న కుర్రవాళ్లు. కష్టకాలంలో వదలకుండా నిలబడ్డవాళ్ల జేబుల్లోంచే నష్టమంతా పిండుకుంటామంటే దాన్ని వ్యాపార అవసరం అని ఒప్పుకోను.

బయటి లెన్సులతో నాణ్యత పడిపోతుందన్న మాటా అంతే. బయటి లెన్సు బాగోకపోతే కొన్నవాడే తిరగ్గొడతాడు. ఆ తీర్పు మాకు వదిలెయ్యండి.

చట్టం మనవైపు బొత్తిగా లేకపోలేదు. 2014లో కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా, విడిభాగాలు బయటి మెకానిక్కులకు దక్కనివ్వడం లేదని 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తర్వాత అప్పీళ్లు నడిచాయి, అది వేరే కథ. విడిభాగాన్ని బిగబట్టుకోవడం తప్పేనని ఒక అధికార సంస్థ మన దేశంలో రాసిపెట్టింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, పోర్టల్ కూడా పెట్టింది. ఫోన్లు, కార్లు, ట్రాక్టర్లు, ఇంటి సామాన్లు చర్చకు వచ్చాయి. కెమెరా లెన్సు ఎందుకు రాకూడదు? 2019 వినియోగదారుల చట్టం వ్యాపారం కోసం కొన్నవాణ్ని వినియోగదారు కాదంటుంది కానీ, స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నవాణ్ని బయటికి నెట్టలేదు. ఒక్క కెమెరాతో ఇల్లు నడిపే స్టూడియో మనిషికి ఆ వాక్యం ఆధారం. యూరప్ వాళ్లు 2024 డిసెంబరు చివరి నుంచి డిజిటల్ కెమెరాలతో సహా చాలా పరికరాలకు ఒకే రకం ఛార్జింగు సాకెట్ ఉండాలని కంపెనీల మెడలు వంచారు. సాకెట్ మీద వంగిన మెడ మౌంటు మీద వంగదా?

ఏటా ఆగస్టు 19న, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవాన, మన ఊళ్లలో ఏం చేస్తాం? ఫొటోగ్రాఫర్ల సంఘాలన్నీ కలిసి, తొలి ఫొటో ప్రక్రియను లోకానికి తెచ్చిన డాగ్యురే పటానికి దండ వేస్తాయి, కేకు కోస్తాయి, ర్యాలీ తీస్తాయి, ఆసుపత్రిలో పళ్లు పంచుతాయి. ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చింది? 1839 ఆగస్టు 19న ఫ్రాన్స్ ప్రభుత్వం డాగ్యురేకు, అతని భాగస్వామి నియెప్స్ కొడుక్కు పింఛన్లు ఇచ్చి, ఆ ప్రక్రియ గుట్టంతా పారిస్‌లో సభ పెట్టి విప్పిచెప్పింది. ఎవరైనా వాడుకోండని లోకానికి ఇచ్చేసింది. ఇంగ్లండులో మాత్రం దానికి ఐదు రోజుల ముందే పేటెంటు తీశారు. అక్కడ ఆ ప్రక్రియ వాడాలంటే లైసెన్సు కొనాల్సి వచ్చింది, తక్కిన యూరప్‌లో ఉచితంగా వాడుకున్నారు. మనం దండ వేస్తున్నది తాళం తీసిన రోజుకు. తాళాలు వేసే కంపెనీల బ్యానర్లు ఆ వేదిక వెనక కట్టి, వాళ్లిచ్చిన టీషర్టులు వేసుకుని ఆ పటానికి దండ వేస్తున్నాం. నాకు సిగ్గుగా ఉంది, సంఘాలకూ ఉండాలి.

ఈసారి ఆ వేదిక మీద ఒక తీర్మానం చదవండి. మౌంటు వివరాలు లైసెన్సుల్లో వివక్ష లేకుండా లెన్సు తయారీదారులందరికీ ఇవ్వాలి, ఫుల్‌ఫ్రేమ్‌తో సహా. మౌంటు మానేసే కంపెనీ దాని వివరాలన్నీ ఆ రోజే బయటపెట్టాలి. లెన్సు అమ్మకం ఆగాక కూడా పదేళ్లపాటు మోటారు, రిబ్బను, అపెర్చర్ భాగాలు బయటి మెకానిక్కుకు గిట్టుబాటు ధరకు అమ్మాలి, సరిదిద్దే సాఫ్ట్‌వేర్ కూడా. ఏ బాడీల మీద ఆటోఫోకస్ పనిచేస్తుందో, కరెంటు లేకుండా రింగు తిరుగుతుందో లేదో పెట్టె మీద తెలుగులో ఉండాలి. జిల్లా సంఘాలన్నీ సంతకాలు పెట్టి కేంద్ర వినియోగదారుల శాఖకు పంపండి. నకలు ఒకటి బ్యానరు కట్టడానికి వచ్చిన కంపెనీ ప్రతినిధి చేతిలో అక్కడికక్కడే పెట్టండి.

ఆగస్టుదాకా ఆగలేనివాళ్లు రేపే కౌంటరు దగ్గర మొదలుపెట్టవచ్చు. బాడీ ముట్టుకునే ముందు మౌంటు అడగండి. దానికి బయటి కంపెనీల ఆటోఫోకస్ లెన్సులు ఎన్ని దొరుకుతున్నాయో, అందులో మీ సెన్సరుకు సరిపోయేవి ఎన్నో అడగండి. సెకండ్ హ్యాండ్‌లో ఆ లెన్సులు దొరుకుతాయా అని కనుక్కోండి. కిట్ లెన్సు వద్దు, బాడీ ఒక్కటే ఇవ్వండి, ఆ డబ్బుతో 50 ఎఫ్ 1.8 తీసుకుంటానని చెప్పండి. మీ బాడీ మీద ఆ లెన్సు ఆటోఫోకస్ చేస్తుందని బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి. రాయనంటే డబ్బు జేబులో పెట్టుకుని పక్క కొట్టుకు వెళ్లండి.